మోచేయి డైరీ: 50 రూపాయల సూదులు, 10 అంగుళాల కత్తెర

జూన్ ఆఖరు

ఈసారి ప్రాజెక్టు బ్లౌజు కాదు, మగ్గం వర్కు కాదు. నా కుడి మోచేయి.

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి ముందు గదిలోనే లేడీస్ టైలరింగ్ చేస్తాను. ఎండాకాలం మా మహిళా సంఘానికి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పని వచ్చింది. కుట్టడానికి చేతులు చాలానే ఉన్నాయి గానీ, కటింగ్ అనేసరికి అందరూ నా వైపే చూశారు. "నువ్వు కోస్తే గుడ్డ వేస్ట్ కాదు వదినా" అన్నారు. యూనిఫాం గుడ్డ మందం. దాన్ని పొరల మీద పొరలు పరిచి, మా అత్తమ్మ వాడిన 10 అంగుళాల ఇనుప కత్తెరతో పొద్దంతా కోయడమే పని. బళ్ళు తెరిచేసరికి బట్టలన్నీ పిల్లల ఒంటి మీదికి వెళ్ళిపోయాయి. నొప్పి నాకు మిగిలింది.

మోచేతి బయటివైపు బొడిపె ఎముక ఉంటుందే, సరిగ్గా దాని మీద. తడి చీర పిండినా, తాళం తిప్పినా, పట్టకారుతో టీ గిన్నె దించినా కలుక్కుమంటుంది. ఎముకల డాక్టర్ చూసి టెన్నిస్ ఎల్బో అని రాశారు. మణికట్టును పైకి లేపే కండరాలన్నీ ఆ బొడిపె దగ్గరే ఎముకకు అతుక్కుంటాయట. పిడికిలి గట్టిగా బిగించిన ప్రతిసారీ ఆ అతుకు మీదే లాగుడు పడుతుంది. పూసుకునే జెల్ ఇచ్చారు, చేతికి బెల్టు ఇచ్చారు, రెస్ట్ తీసుకోమన్నారు. తగ్గకపోతే ఇంజెక్షన్ వేద్దాం అన్నారు.

రెస్ట్ సంగతి సరే, నా బదులు కత్తెర ఎవరు పడతారు? ఇంజెక్షన్ అంటే మా మరిది గుర్తొచ్చాడు. ఆయనకూ ఇదే నొప్పి వస్తే ఇంజెక్షన్ వేశారు. నెలన్నర హాయిగా తిరిగాడు. తర్వాత మునుపటికన్నా ఎక్కువై కూర్చుంది.

జూలై, మొదటి ఆదివారం

మెట్టుగడ్డ వైపు ఒక ఫంక్షన్ హాల్ పక్క గదిలో ఆదివారం పూట ఆక్యుపంక్చర్, అంటే సన్న సూదులు గుచ్చి చేసే వైద్యం, చేస్తున్నారని ఒక కస్టమర్ చెప్పింది. ప్రకృతి వైద్య కాలేజీ విద్యార్థులు హైదరాబాద్ నుంచి పొద్దున్నే దిగుతారు, వెంట ఒక సార్ వస్తారు. చీటీ 50 రూపాయలు. ఇంతకుముందు మా ఆడపడుచు ఉప్పల్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో సిట్టింగ్‌కు 700 ఇచ్చి, మూడోసారికే మానేసింది. చవకగా దొరికితే కనీసం అది పనిచేసిందా లేదా అని తేలేదాకా వెళ్ళొచ్చు కదా అనిపించింది. అందుకే కొలతల పుస్తకంలో వెనక పేజీలు తిప్పి ఈ డైరీ మొదలుపెట్టాను.

ఈ పిల్లలు చదివేది బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ. నాలుగున్నరేళ్ళు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. అందులో ఆక్యుపంక్చర్ కూడా ఒక భాగం. నాకు పడ్డది ఇద్దరు హౌస్ సర్జన్ల జోడీ. అమ్మాయి రాస్తుంది, అబ్బాయి చూస్తాడు. రాయడం అంటే అలా ఇలా కాదు. నిద్ర, ఆకలి, షుగరు, బీపీ, నెలసరి, రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వేసుకుంటున్నానా, గర్భం ఏమైనా ఉందా అన్నీ అడిగింది. నాలుక చాపమంది. రెండు చేతుల నాడి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నా వెనక బెంచీ మీద ఉన్న పెద్దాయన "డాక్టర్ దగ్గరికొస్తే గింతసేపా" అని గొణుగుతూనే ఉన్నాడు. కేసు షీటులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా సార్ వెనక్కి పంపుతారట.

తర్వాత ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న రాసుకోదగ్గది.

"అక్కా, కత్తెర పట్టినప్పుడు మీ మోచెయ్యి ఒంటికి ఆనుకొని ఉంటదా, గాలిలో ఉంటదా?"

చేసి చూపించమన్నాడు. అక్కడే ఒక పేపరు పరిచి గాలిలో కత్తెర ఆడించాను. మా ఇంట్లో కటింగ్ బల్ల నా మోకాలికి కాస్త పైన, అంతే. దాని మీదికి వంగి, మోచేయి బయటికి తిప్పి, మణికట్టు మడిచి కోస్తాను. అదంతా గీసుకున్నాడు, బొమ్మతో సహా.

నొప్పిని కొలిచిన తీరు కూడా నాకు నచ్చింది. బీపీ చూసే పట్టీని చుట్టగా చుట్టి, 20 దాకా గాలి కొట్టి చేతికిచ్చారు. నొప్పి మొదలయ్యేదాకా పిసకాలి, మొదలవగానే ఆపాలి. ముల్లు ఎక్కడిదాకా పోయిందో చూస్తారు. ఎడమ చేయి 190. కుడి చేయి 70. "పదికి ఎంత నొప్పి" అని అడిగితే నోటికొచ్చింది చెప్తాం గానీ, ముల్లు అబద్ధం చెప్పదు.

అదే రోజు, సూదుల సంగతి

సూదులంటే నాకు భయం లేదు, రోజంతా వాటితోనే బతుకు. అందుకే కాస్త పరీక్షగా చూశాను. మన మిషన్ సూది ప్యాకెట్ మీద 14/90 అని ఉంటుంది. ఆ 90 అంటే సూది మందం 0.90 మిల్లీమీటర్లు. వీళ్ళ సూది 0.25. అంటే మన సూదిలో మూడో వంతు కూడా లేదు. బొడ్డు లేదు, బెజ్జం లేదు, పైన చుట్టిన తీగ పిడి. ఒక్కొక్కటి విడి ప్యాకెట్లో, సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో పాటు వస్తుంది. గొట్టాన్ని చర్మానికి ఆనించి, పైకి తేలిన సూది పిడి చివరను వేలితో ఠక్కున తడతారు. చీమ కుట్టినంత కూడా ఉండదు. ఆ తర్వాత గొట్టం తీసేసి సూదిని కొంచెం లోపలికి పోనిచ్చి, వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడు వస్తుంది అసలు అనుభవం. నొప్పి అనలేం. బరువుగా, గుంజినట్టు, తిమ్మిరెక్కినట్టు మణికట్టు దాకా పాకుతుంది. అది రాగానే "వచ్చిందా అక్కా?" అని అడుగుతారు. రాకపోతే మళ్ళీ కాస్త సర్దుతారు.

సూది ఎక్కడ దించాలో కొలిచే పద్ధతి టైలరుగా నాకు భలే అనిపించింది. టేపు వాడరు. నా బొటనవేలి వెడల్పే వాళ్ళకు ఒక కొలత, నాలుగు వేళ్ళు దగ్గరపెడితే మూడు కొలతలు. పొడుగు మనిషికి పొడుగు, పొట్టి మనిషికి పొట్టి లెక్క. మోచేయి మడిస్తే పడే ముడత చివర ఒక చోటు. దానికి రెండు బొటనవేళ్ళ కింద ఇంకొకటి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి. మణికట్టు వెనక, ముడతకు రెండు బొటనవేళ్ళ పైన ఇంకొకటి. ఇవి కాక, వేలితో నొక్కుతూ పోతే ఎక్కడ 'అమ్మా' అంటామో అక్కడ. ముందు పెన్నుతో చుక్కలు పెట్టారు. సార్ వచ్చి ఒక్కొక్క చుక్క మీద నొక్కి చూసి, ఒకదాన్ని తుడిచి కొంచెం పక్కకు పెట్టించారు. ఆయన తల ఊపిన తర్వాతే సూది ప్యాకెట్ చింపారు.

చివరి సూది మాత్రం ఎడమ మోకాలి కింద. కుడి మోచేయి నొప్పికి ఎడమ కాలా అని నవ్వొచ్చింది. నరాలు, కండరాలు బిగుసుకుంటే ఆ చోటు వాడతారనీ, నొప్పి ఉన్న వైపుకు ఎదురు వైపు పెట్టడం కూడా పాత పద్ధతేననీ అమ్మాయి చెప్పింది. నమ్మానని రాయను. పెట్టనిచ్చాను.

ఇరవై నిమిషాలు పడుకోబెట్టారు. తీసేటప్పుడు పెట్టినవెన్నో తీసినవెన్నో లెక్క చెప్పుకుంటూ షీటులో రాశారు. సూదులన్నీ మూత ఉన్న తెల్ల డబ్బాలో పడ్డాయి. ఎక్కడికెళ్ళినా మీరూ చూడాల్సినవి ఇవే: ప్యాకెట్ మీ ముందు చింపాలి, వాడిన సూది మళ్ళీ ట్రేలోకి పోకూడదు.

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కుడి పక్కకు తిరిగి పడుకున్నాను. సోమవారం బాగుంది. మంగళవారం సాయంత్రానికి నొప్పి వచ్చి తన చోట్లో కూర్చుంది.

జూలై, ఆషాఢం

పెళ్ళిళ్ళు లేవు, చేతిలో పని తక్కువ. ప్రయోగాలకు ఇదే అదను.

మొదటిది బల్ల. ఆ అబ్బాయి గీసిన బొమ్మ సార్ చూసి, "సూదులు మేం పెడతం. బల్ల నువ్వు లేపాలె అమ్మా" అన్నారు. నిలబడి చేతులు మామూలుగా దించితే మోచేయి ఎంత ఎత్తులో ఉంటుందో, గుడ్డ దానికి కాస్త కిందుగా ఉండాలట. మా ఆయన మిగిలిన ఇటుకలు తెచ్చి కాళ్ళ కింద పేర్చాడు. అది ఊగింది. ఇటుకకూ కాలికీ మధ్య పాత చెప్పు ముక్క కోసి పెడితే కుదురుకుంది. ఇప్పుడు నిలబడి కోస్తున్నాను. నడుము కూడా సంతోషించింది, అది ప్రాజెక్టులో లేని లాభం.

రెండోది కత్తెర. సాన పట్టే అతను సైకిల్ మీద వచ్చినప్పుడు పెద్ద కత్తెర ఇచ్చాను. "అక్కా, దీనితో గుడ్డ కోస్తున్నవా, కట్టెలు కోస్తున్నవా" అన్నాడు. మొద్దుబారిన కత్తెరకు ఎంత బలం పెడుతున్నానో సాన పట్టాక గానీ తెలియలేదు. పిడిలో వేలు దూరే చోట పాత జార్జెట్ పేలిక చుట్టి కుట్టేశాను.

మూడోది సీసా. ఇది వాళ్ళు రాసిచ్చిన వ్యాయామం. అర లీటరు నీళ్ళ సీసా, అంటే అర కిలో. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి పెట్టి సీసా పట్టుకోవాలి. పైకి లేపేటప్పుడు ఎడమ చేతి సాయం తీసుకోవాలి. దించేటప్పుడు మాత్రం కుడి చేయి ఒక్కటే, మెల్లగా, ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెడుతూ. పదిహేనుసార్లు దించి, కాస్త ఆగి, మళ్ళీ. ఆ దించడంలోనే మందు ఉందని సార్ మాట. కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు, పదికి నాలుగు దాటితే ఆపాలి.

నెలాఖరుకు ముల్లు 105. అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం వల్ల ఇందులో సూదుల వంతు ఎంతో తేలడం లేదు.

జూలై, చివరి ఆదివారం

ఈరోజు సూదులు పెట్టుకుని కదలకుండా పడుకున్నప్పుడు పక్క మంచం దగ్గర సార్ పిల్లలకు పాఠం చెప్తున్నారు. చెవులు నాకూ ఉన్నాయి కదా.

1938లో చైనాకు మన దేశం నుంచి వెళ్ళిన వైద్య బృందంలో షోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ ఉన్నారట. ఆయన 1942లో అక్కడే చనిపోయారు. అదే బృందంలోని కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. షోలాపూర్ పేరు వినగానే లేచి కూర్చోబోయాను, సూదులు గుర్తొచ్చి ఆగాను. మా పాలమూరు పద్మశాలీల ఇళ్ళలో షోలాపూర్‌లో చుట్టాలు లేని ఇల్లు తక్కువ. మా చిన్నమ్మ వాళ్ళు అక్కడే చద్దర్లు నేసే మిల్లులో పనిచేశారు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2019 ఫిబ్రవరిలో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించిందని కూడా చెప్పారు. ఇదంతా వింటూ, ఇక మెచ్చుకోలు పాఠమే అనుకున్నాను. అప్పుడే ఆయన ఇంకో కాగితం తీశారు.

జర్మనీలో నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు పద్ధతి ప్రకారం సూదులు. రెండో గుంపుకు ఉత్తుత్తి సూదులు, అంటే చోట్లు కాని చోట్ల, పైపైన. మూడో గుంపుకు మామూలు మందులూ వ్యాయామాలూ. 2007లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు మొదటి గుంపులో నూటికి 48 మందికి, రెండో గుంపులో 44 మందికి, మూడో గుంపులో 27 మందికి మెరుగైంది.

"ఇప్పుడు చెప్పండి, సూది పనిచేసిందా?" అని అడిగారు. ఒకమ్మాయి చేసిందంది, మందుల కన్నా చాలా మెరుగు కదా అని. నా కేసు చూసే అబ్బాయి, చోటు ఎక్కడైనా ఒకటే అయితే మేం ఇన్ని చోట్లు బట్టీ ఎందుకు పడుతున్నాం సార్ అన్నాడు. అందరూ నవ్వారు గానీ సార్ నవ్వలేదు. ఆ ప్రశ్న షీటు వెనక రాసిపెట్టుకో, పీజీకి పనికొస్తుంది అన్నారు. నాకు ఈ సార్ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. మా ఆడపడుచు వెళ్ళిన క్లినిక్‌లో థైరాయిడ్ నుంచి తలనొప్పి దాకా అన్నిటికీ గ్యారంటీ అన్నారట.

మోచేయి గురించి కూడా అడిగాను. ఈ నొప్పి ఉన్నవాళ్ళలో ఎక్కువ మందికి ఏడాదిలోపు దానంతట అదే తగ్గుతుందని, ఆ లోపు ఏ వైద్యం చేసినా పేరు ఆ వైద్యానికే పోతుందని నిక్కచ్చిగా చెప్పారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకుంటే మొదటి వారాల్లో బాగా ఉన్నా, ఏడాది లెక్క చూస్తే తీసుకోనివాళ్ళే మెరుగ్గా ఉన్నట్టు పరిశోధనల్లో తేలిందట. మా మరిదికి చెప్పాలి.

శ్రావణం

పెళ్ళిళ్ళు, వరలక్ష్మీ వ్రతాలు. బ్లౌజులు కుప్పలు. ఆదివారం సూదులకు మాత్రం వెళ్తున్నాను, సీసా అటక ఎక్కింది. బల్ల మీద కూడా చీరల మూటలు పేరుకుపోయి, సగం కటింగ్ మళ్ళీ కింద చాప మీదే.

ఒక ఆదివారం ఆ అబ్బాయి బొటనవేలి దగ్గర సూది పెట్టగానే కరెంటు కొట్టినట్టయింది. చెయ్యి లాక్కోబోయాను. వాడి చెయ్యి వణికింది, నా చెయ్యి కాదు. వెంటనే తీసేసి దూదితో నొక్కి పట్టాడు. అయినా ఉసిరికాయంత కమిలింది, వారం రోజులు నల్లగా ఉంది. ఒక కస్టమర్ చూసి "మీ ఆయనేమన్న కొట్టిండా" అని అడిగింది.

ఇంకో ఆదివారం నా పక్క మంచం మీద ఉన్న ఆవిడ కళ్ళు తేలేసింది. ఒక్కపొద్దు ఉందట, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అడిగితే తిన్నానని చెప్పిందట. ముందు సూదులన్నీ గబగబా తీసేశారు, తల కింద దిండు లాగేసి కాళ్ళ కింద పెట్టారు. రెండు నిమిషాల్లో తేరుకుంది. తర్వాత చక్కెర నీళ్ళు ఇచ్చారు. వెళ్ళేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఖాళీ కడుపుతో పోవద్దు, బిస్కట్లయినా తిని వెళ్ళండి. ఒక్కపొద్దు ఉంటే ఆ వారం మానేయండి.

శ్రావణం చివర ముల్లు 85కి పడింది. సూదులు ఒక్క వారం కూడా తప్పలేదని ఇక్కడ గట్టిగా గీత గీసి రాస్తున్నాను.

సెప్టెంబర్

పిల్లలకు పరీక్షలు, గది తాళం. ఆర్డర్లు కాస్త తగ్గాయి. సీసా కిందికి దింపాను, మూటలు తీసి బల్ల ఖాళీ చేశాను. సంఘంలో అక్కలతో మాట్లాడితే యూనిఫాంల డబ్బుల్లోంచి చేతిలో పట్టుకునే చిన్న కరెంటు కట్టర్ కొందామని ఒప్పుకున్నారు. గుండ్రటి బ్లేడు గరగరా తిరుగుతూ ఎనిమిది పొరలు కూడా ఒకేసారి కోసేస్తుంది. మొదట లైనింగ్ గుడ్డ మీద, తర్వాత పాత దుప్పటి మీద ప్రాక్టీసు చేశాను. మెడ దగ్గర వంపులకు ఇంకా కత్తెరే కావాలి. పొడుగు కోతలన్నీ కట్టర్‌కు పోయాయి.

సూదులు లేని ఈ రోజుల్లో కొలత ఎవరు తీస్తారు? మా సందులో ఆర్ఎంపీ దగ్గర గాలి కొట్టే పాత రకం బీపీ మిషన్ ఉంది. పట్టీ చుట్టి చేతిలో పెట్టమంటే, "బీపీ గిట్ల చూస్తరా అక్కా" అని నవ్వాడు గానీ చూశాడు. 120. పది రోజుల తర్వాత 140.

ముల్లు అంకెలన్నీ రాసుకున్న పట్టిక ఇప్పుడు నాకు అర్థమవుతోంది. సూదులున్నా సీసా, బల్ల లేని నెలలో ముల్లు కిందికి. సూదులు లేకుండా సీసా, బల్ల, కట్టర్ ఉన్న నెలలో పైకి. కాలం గడిచేకొద్దీ దానంతట అది తగ్గేది కూడా ఇందులో ఎంతో కొంత ఉంటుంది, దాన్ని విడదీయడానికి నాకు రెండో కుడి చేయి లేదు. సూది నాకిచ్చింది ఆదివారం రాత్రి నిద్ర, సోమవారం హాయి. అది తక్కువేం కాదు. నిద్ర పట్టిన మర్నాడు సీసా పట్టుకోవాలనిపిస్తుంది, పట్టనినాడు విసిరేయాలనిపిస్తుంది. కానీ ఎవరైనా 700 పెట్టి ఒక్క సూదుల మీదే ఆశ పెట్టుకుంటే, వద్దని చెప్తాను.

అసలు ఆ 50 రూపాయలకు నాకు దొరికిన ఖరీదైన వస్తువు ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న. నేర్చుకునేవాళ్ళు కాబట్టి అడిగారు. పేరున్న డాక్టర్లకు అడిగే తీరిక ఎక్కడిది?

ఎంగిలిపూల బతుకమ్మకు ముందు వారం

గది మళ్ళీ తెరిచారు. పట్టిక చూపించాను. సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ చదివారు. సూదుల వల్లే తగ్గిందని నేను చెప్పనందుకు కోపం వస్తుందేమోనని చిన్న టెన్షన్ ఉండింది. ఆయన ఆ పేజీలు ఫోన్లో ఫోటో తీసుకుని, పిల్లల కేస్ ప్రెజెంటేషన్‌కు వాడుకోవచ్చా అని అడిగారు. పేరు లేకుండా అయితే సరే అన్నాను. ఈ రోజు ముల్లు 155. చీర పిండితే నొప్పి లేదు, తాళం తిప్పితే లేదు. నిండు బిందె ఎత్తితే ఇంకా ఉంది.

ఇకపై సూదులు నెలకోసారి చాలన్నారు. సీసా మాత్రం ఒక లీటరుది పెట్టమన్నారు.

ఈ వారం పనులు: బతుకమ్మకు ఇవ్వాల్సిన బ్లౌజులకు లైనింగ్ కోయాలి, కట్టర్ బ్లేడు మార్చాలి, బల్ల కింద ఇటుకలు తీసేసి వడ్రంగి చేత కాళ్ళు అతికించాలి. మా ఆడపడుచు మెడ నొప్పికి వస్తానంటోంది. ఆమె కుట్టు మిషన్ ముందు ఎలా కూర్చుంటుందో వీడియో తీసుకుని రమ్మన్నాను, ఆ అబ్బాయి ఎలాగూ అడుగుతాడు.